మృదంగం దగ్గర ఆగిపోయే ఆంప్లిఫయర్: ఒక బరంపురం కేసు

సామాన్లు: కెఫ్ ఎల్ఎస్50 స్పీకర్లు ఒక జత, అరచేతిలో ఇమిడే క్లాస్-డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్లిఫయర్ ఒకటి. ఫిర్యాదు: మృదంగం గట్టిగా పడితే పాట ఆగిపోతుంది, రెండు సెకన్లకి దానంతటదే మళ్లీ వస్తుంది. వేణువుకి ఆగదు, వీణకి ఆగదు. పట్టిన కాలం: పద్దెనిమిది రోజులు. అందులో మొదటి వారం నా తప్పు వల్ల పోయింది. ఆ తప్పు ఎలా జరిగిందో చెప్పకపోతే ఈ కేసు రాయడమే అనవసరం.

నేను బరంపురంలో ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను. పనిలో ముప్పాతిక భాగం డీజే సెట్లు. రెండేళ్లకోసారి ఠాకురాణి జాత్రా వస్తే నెల ముందు నుంచీ నా దుకాణంలో కాలు పెట్టే చోటు ఉండదు. ఆ పదిహేనంగుళాల పెట్టెలు ఒక్క వాటుకి 97, 98 డెసిబెల్లు ఇస్తాయి. వాటితో పాతికేళ్లు గడిపినవాడికి ఒకే లెక్క అలవాటవుతుంది: వాట్లు ఎన్ని? శబ్దం చాలకపోతే వాట్లు పెంచు, ఆగిపోతే వాట్లు పెంచు. ఇంట్లో కూర్చుని వినే హైఫై స్పీకర్లు నా దగ్గరికి ఏడాదికి నాలుగో అయిదో వస్తాయి.

ఫోన్ చేసింది రిటైరైన తెలుగు మేష్టారు. గిరి రోడ్డు నుంచి లోపలికి పోయే సందులో వాళ్ల ఇల్లు. 1936లో ఒరిస్సా విడిపోకముందు, గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో వాళ్ల తాతగారు కట్టించారట. రైలు పెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. గోడలు మూరెడు మందం. హాల్లో గోడలోనే ఒక గూడు ఉంది, లోతు తొమ్మిది అంగుళాలు. బెంగుళూరులో ఉన్న అబ్బాయి స్పీకర్లూ ఆంప్లిఫయరూ పంపిస్తే, ఆంప్లిఫయర్ ఆ గూట్లో దేవుడి పటం పక్కన సరిగ్గా సరిపోయింది. ఈ గూడే తర్వాత కేసంతా నడిపించింది.

"చూడవోయ్ బాబూ, నీ ఎదురుగా ఆగుతుందో లేదో," అంటూ మేష్టారు ఒక తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే వంతు, పెట్టారు. మూడు నిమిషాలు బాగానే నడిచింది. ముగింపుకి ముందు వచ్చే మోరా దగ్గరకొచ్చి తొప్పి (మృదంగానికి లోతుగా మోగే వైపు) మీద రెండు దెబ్బలు వరసగా పడేసరికి టిక్ మంది. నిశ్శబ్దం. ఆంప్లిఫయర్ ముందున్న నీలం దీపం ఆరిపోయి మళ్లీ వెలిగింది. పాట వచ్చింది, కానీ మృదంగం అప్పటికి దాటిపోయింది. ఒడిస్సీ పెట్టినా అంతేనట, అందులో మృదంగం లాంటి మర్దళ జోరందుకోగానే ఆగిపోతుందట.

ఆంప్లిఫయర్ పైన చెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉంది కానీ పట్టుకోలేనంత కాదు. స్పీకరు వైర్లలో షార్ట్ లేదు. గూట్లో వెనక చెక్క పలక, దానికో రంధ్రం, అందులోంచి పవర్ వైరు. పలక వెనకాల టార్చి వేసి చూస్తే జాలీ రేకు డబ్బాలో ఒక ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని తక్కువ వోల్టులకి దించి ఇచ్చే సప్లై), ఎల్ఈడీ పట్టీలకి వాడే రకం. ఆంప్లిఫయర్‌తో వచ్చిన అడాప్టరు వానాకాలంలో పిడుగు పడ్డ రోజు పోయిందట, దాని బదులు బజార్లో కొన్నారు. మీద 24 వోల్టులు, 5 ఆంపియర్లు అని రాసి ఉంది. ఆంప్లిఫయర్ వెనక "24 నుంచి 48 వోల్టులు" అని ఉంది. సరే, సరిపోయింది అనుకున్నాను. రాసింది చదివాను, నమ్మాను, ముందుకు పోయాను.

లోపల ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3255 చిప్పు. ఇది 53.5 వోల్టుల దాకా తట్టుకుంటుంది కానీ ఎంత వోల్టేజీ ఇస్తే అంతే పని చేస్తుంది. 24 వోల్టుల మీద బ్రిడ్జి పద్ధతిలో స్పీకరు దగ్గరికి చేరేది శిఖరాన 22 వోల్టులు, అంటే ఆర్ఎంఎస్‌లో (వాట్ల లెక్కకి వాడే ఒక రకం సగటులో) పదిహేనున్నర. స్పీకరు కరెంటుకి ఇచ్చే అడ్డుని ఓమ్‌లలో కొలుస్తారు; ఎనిమిది ఓమ్‌లకి 30 వాట్లు. "ముప్ఫై వాట్లు ఏ మూలకి మేష్టారూ, ఇవి తిండిపోతు పెట్టెలు" అని తేల్చేశాను. దుకాణంలో ఉన్న పాత ఏబీ క్లాసు ఆంప్లిఫయర్ తెచ్చి పెట్టాను. పద్నాలుగు కిలోలు, లోపల కొబ్బరికాయంత ట్రాన్స్‌ఫార్మరు. అది గూట్లో పట్టలేదు, బియ్యం డబ్బా మీద పెట్టాం. తని ఆవర్తనం మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. నేను గెలిచాననుకున్నాను.

వారం తర్వాత అమ్మగారు ఫోన్ చేశారు. "బాబూ, బియ్యం తియ్యాలంటే రోజూ ఇద్దరు మనుషులు కావాలి. దీన్ని పట్టుకుపో." మేష్టారి మాట ఇంకోటి. అబ్బాయి పంపింది గూట్లో ఉండాలి, అదే పాడాలి. పెద్ద పెట్టె కొనుక్కోండి అనే సలహా ఆ ఇంట్లో చెల్లదు. అప్పుడు కూర్చుని, మొదటి రోజు చెయ్యవలసిన లెక్క చేశాను.

ఎల్ఎస్50 సున్నితత్వం 85 డెసిబెల్లు, అంటే 2.83 వోల్టులు (ఎనిమిది ఓమ్‌లకి ఒక్క వాటు) ఇస్తే ఒక మీటరు దూరంలో వచ్చే శబ్దం. నా డీజే పెట్టెలకీ దీనికీ పన్నెండు డెసిబెల్ల తేడా. డీజే పెట్టె ఒక్క వాటుతో చేసేదానికి దీనికి పదహారు వాట్లు కావాలి. సరే, మేష్టారికి ఎంత కావాలి? ఆయన పడక్కుర్చీ స్పీకర్లకి పది అడుగుల దూరంలో ఉంటుంది. ఆ దూరానికి గదిలో ఒక ఆరు డెసిబెల్లు తగ్గుతాయి, రెండు స్పీకర్లు కలిసినందుకు మూడు పెరుగుతాయి. వాటుకి 82 అనుకోండి. కుర్చీ దగ్గర మీటరు పెట్టి, ఆయన్నే తనకి నచ్చినంత పెంచుకోమన్నాను. సగటు 76 చుట్టూ తిరిగింది, దెబ్బలు పడ్డప్పుడు 94 తాకింది. 82 నుంచి 94కి పన్నెండు. పన్నెండంటే పదహారు రెట్లు. పదహారు వాట్లు!

ముప్ఫై వాట్ల ఆంప్లిఫయర్ పదహారు వాట్ల దగ్గర ఆగిపోతోంది. అంటే వాట్లు చాలక కాదు. పెద్ద ఆంప్లిఫయర్ పెట్టి రోగం తగ్గించాను కానీ రోగమేమిటో నాకు తెలియలేదన్నమాట.

ఎల్ఎస్50 కాగితం మళ్లీ తీశాను. కంపెనీ దాచిందేమీ లేదు: 8 ఓమ్‌లు, కనిష్ఠం 3.2 ఓమ్‌లు, ఆంప్లిఫయర్ 25 నుంచి 100 వాట్లు. మొదటి అంకె చదివి రెండో అంకె వదిలేసింది నేను. అలవాటులో అందరం చేసేదే ఇది. కనిష్ఠం అనేది అంచనాకి అందని చోట, ఎప్పుడో ఒకసారి వచ్చేది అనుకుంటాం. ఐఈసీ 60268-5 ప్రమాణం ప్రకారం స్పీకరు ఓమ్‌లు ఎక్కడా ప్రకటించిన విలువలో 80 శాతం కంటే కిందికి పోకూడదు. ఆ కొలమానంతో చూస్తే 3.2 దాకా దిగేదాన్ని నాలుగు ఓమ్‌ల స్పీకరుగానే ఆంప్లిఫయర్‌కి కట్టాలి.

కాగితం చాల్లే అనిపించలేదు. లాప్‌టాప్, సౌండ్‌కార్డు, వంద ఓమ్‌ల రెసిస్టరు ఒకటి తీసుకెళ్లి శబ్దాలు కొలిచే ఆర్ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేరుతో ఏ స్థాయి దగ్గర ఎన్ని ఓమ్‌లో గీత గీయించాను. అడుగు స్థాయిల్లో పోర్టు (పెట్టెకి ఉండే గాలి గొట్టం) వల్ల వచ్చే రెండు కొండలు, ఆ తర్వాత 200 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక లోయ. ఆ లోయలో ఓమ్‌లు నాలుగు లోపే. మళ్లీ పైకెక్కి మధ్యస్థాయిలో ఇంకో కొండ. వేణువు ఎక్కువగా కొండల మీద తిరుగుతుంది. తొప్పి మోత లోయలో పడుతుంది. మేష్టారికి తెరమీద చూపించాను. ఆయన కాసేపు చూసి "అంటే దీనికి హల్లులు పలకడం కష్టం, అచ్చులు సులువు" అన్నారు. తెలుగు మేష్టారు కదా. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు లెక్క మారుతుంది. ఎనిమిది ఓమ్‌ల మీద పదహారు వాట్లంటే 11.3 వోల్టులు. అవే వోల్టులు 3.2 ఓమ్‌ల మీద పడితే మూడున్నర ఆంపియర్లు, నలభై వాట్లు. రెండు వైపులా కలిపి ఎనభై. క్లాస్-డి నూటికి తొంభై పాళ్లు సమర్థంగా పనిచేస్తుందనుకున్నా సప్లై నుంచి లాగేది 89 వాట్లు, 24 వోల్టుల దగ్గర 3.7 ఆంపియర్లు. పాటలోని శక్తంతా ఆ లోయలోనే ఎప్పుడూ పడదు, అందుకే ప్రతి దెబ్బకీ ఆగదు. కానీ సప్లై 5 ఆంపియర్లది అని రాసి ఉంది. 3.7 ఇవ్వలేదా? ఇక్కడ ఒక రోజు బుర్ర పని చెయ్యలేదు. చిప్పు రక్షణ, వేడి, లోపల టంకం, అన్నీ చూశాను. ఏమీ దొరకలేదు.

దొరికించింది అమ్మగారు. ఆవిడ వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. అక్కణ్ణుంచి గూటి పక్కసందు కనిపిస్తుంది. "బాబూ, పాట ఆగినప్పుడల్లా ఆ వెనక జాలీ డబ్బాలో పచ్చదీపం ముందు ఆరుతోంది. నీలం దీపం తర్వాత." నేను ఎప్పుడూ ముందు నిలబడి నీలం దీపాన్నే చూస్తున్నాను. ఆవిడ చెప్పిన చోట కూర్చుని చూశాను. నిజమే. పచ్చది ఠపీమని ఆరుతుంది, నీలం దీపం ఓ క్షణం మిణుకుమని ఆరుతుంది. పచ్చది మళ్లీ వెలిగాక నీలం వెలుగుతుంది. ఆంప్లిఫయర్ ఆగడం లేదు, దాని నోటి దగ్గర అన్నం లాగేస్తున్నారు.

ఇలాంటి ఎస్ఎంపీఎస్‌లలో అధిక కరెంటు రక్షణని వాడుకలో హికప్ అంటారు, ఎక్కిళ్లన్నమాట. పరిమితి దాటితే సప్లై పూర్తిగా ఆగిపోతుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎల్ఈడీ పట్టీకి ఇది మంచి రక్షణ. సంగీతానికి కాదు. ఎందుకంటే పట్టీ లాగే కరెంటు రోజంతా ఒకటే, మృదంగం లాగేది దెబ్బ దెబ్బకీ వేరు.

డబ్బా దుకాణానికి తెచ్చి వైర్‌వూండ్ రెసిస్టర్లు మెల్లగా పెంచుతూ లోడ్ చేశాను. 3 ఆంపియర్ల దాకా నిమ్మకు నీరెత్తినట్టుంది. 3.6 దాటగానే ఎక్కిళ్లు. మీద రాసింది అయిదు. ఏ దుకాణంలో కొన్నారో, ఎవరు తయారుచేశారో రాయను, అలాంటివి బజారు నిండా ఉన్నాయి. కావలసింది 3.7, ఉన్నది 3.6. లెక్క ఇంత దగ్గరగా కలవడం నా పనిలో అరుదు, ఆ రోజు సాయంత్రం టీ నేనే ఇప్పించాను.

చవగ్గా తేల్చేద్దామని ఒక ప్రయత్నం చేశాను, అదీ చెప్పాలి. ఆంప్లిఫయర్‌లో సప్లై వైపున్న కెపాసిటరు (కరెంటుని కాసేపు దాచుకునే భాగం) 4700 మైక్రోఫారడ్లు. 24 నుంచి 18 వోల్టులకి పడేలోగా అది ఇవ్వగలిగింది 0.6 జూళ్లు. సప్లై చెయ్యెత్తేస్తే 89 వాట్ల దెబ్బని అది మోసేది ఆరేడు మిల్లీసెకన్లు. మృదంగం దెబ్బ దానికంటే చాలా పొడుగు. మరి పెద్ద కెపాసిటర్లు పెడితే? పదివేల మైక్రోఫారడ్లవి రెండు సమాంతరంగా కట్టాను. స్విచ్చి వేశాను. పచ్చదీపం వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది. ఖాళీ కెపాసిటర్లు మొదట్లో లాగే కరెంటుకే దానికి ఎక్కిళ్లు వచ్చాయి, సప్లై అసలు లేవనే లేదు. పీకేశాను.

ఇక సప్లై మార్చాలి. ఎంతకి మార్చాలన్నది అసలు తూకం. 48 వోల్టులు పెట్టొచ్చు, ఆంప్లిఫయర్ ఒప్పుకుంటుంది. కానీ 48 వోల్టుల మీద ఎనిమిది ఓమ్‌లకి దాదాపు 128 వాట్లు వస్తాయి, స్పీకరు కాగితం వంద దగ్గర ఆగమంటోంది. అయిదుంపావు అంగుళాల కోను అది. మనవలు సెలవులకి వస్తారు, గుబ్బ ఎంత దూరం తిప్పుతారో ఎవరికి తెలుసు. 36 వోల్టులు తీసుకున్నాను: శిఖరాన 34, ఆర్ఎంఎస్‌లో 24, ఎనిమిది ఓమ్‌లకి 72 వాట్లు. ఫ్యాను లేని, 5.9 ఆంపియర్ల సప్లై ఒకటి దొరికింది, అంటే 212 వాట్లు. కావలసిన 89కి రెట్టింపు పైన. దీనిక్కూడా రక్షణ ఎక్కిళ్లదే, కానీ అక్కడిదాకా మేష్టారు వెళ్లరు. ఫ్యాను ఉన్నది ఇంకా ఎక్కువ కరెంటు ఇచ్చేది కానీ ఆలాపన మధ్యలో ఫ్యాను హోరు ఆయన భరించరు. కొత్తది కొన్నా రెసిస్టర్ల మీద కొలిచాకే తీసుకెళ్లాను, ఈసారి చదివి నమ్మలేదు. వోల్టేజీ పెంచేముందు ఆంప్లిఫయర్ మూత తీసి కెపాసిటర్ల మీద 63 వోల్టులని ఉందో లేదో చూసుకున్నాను. ఇలా మార్చాలనుకునేవాళ్లు ఈ ఒక్క పని మాత్రం మరిచిపోవద్దు, 35 వోల్టుల కెపాసిటరు మీద 36 పెడితే అది పాట వినిపించదు, పేలి వినిపించవచ్చు. విడి సప్లైకి 230 వోల్టులు పైకి కనిపించే స్క్రూలు ఉంటాయి కనక రేకు పెట్టెలో బిగించి ఎర్తు కట్టాను. గోడ కరెంటు 180 వోల్టులకి దిగేదాకా ఇది పనిచేస్తుంది. వేసవి సాయంత్రాల్లో ఆ సందులో నేను 187 చూశాను, అందుకని ఫ్రిజ్జుకి ఉన్న స్టెబిలైజరు లాంటిదే చిన్నది ఒకటి పెట్టించాను.

బిగించి స్విచ్చి వేశాక మేష్టారి మొదటి మాట: "శబ్దం ఏం పెరగలేదేమోయ్?"

పెరగదు. ఈ చిప్పుకి పెంపు స్థిరం, గుబ్బ ఎక్కడుంటే శబ్దం అక్కడే. పైన టాంకు పెద్దది పెట్టాం, కుళాయి అదే. ఆ మాట చెప్పి తని ఆవర్తనం పెట్టమన్నాను. మోరా దాటింది. ముగింపు వరస కోర్వై దాటింది. గుబ్బ ఇంకాస్త తిప్పి, రెండోసారి. ఆగలేదు.

ఇక్కడితో లేచి వచ్చేయవలసింది. వైరు చుట్టుకుంటుంటే ఆయన ఊరికే అన్నట్టు అన్నారు, "ఎడం పక్క మృదంగం కొంచెం నీరసంగా ఉంటుంది. నా చెవే అనుకుంటా." డెబ్భై దాటిన చెవి మీదకి నేనూ తోసేసేవాణ్ణే, ఎడం వైరు చూడకపోతే. గూటి నుంచి కుడి స్పీకరుకి మూడు మీటర్లు. ఎడమ దానికి గుమ్మం చుట్టూ తిరిగి పదకొండు మీటర్లు, రెండూ 23/76 వైరు, పెళ్లి పందిట్లో దీపాలకి వాడేది. పోనూ రానూ కలిపి కొలిస్తే కుడివైపు 0.16 ఓమ్, ఎడమవైపు 0.6. ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకి ఇది పట్టించుకోవక్కర్లేదు. 3.2 ఓమ్‌ల లోయలో మాత్రం కుడి అర డెసిబెల్ లోపే పోగొట్టుకుంటే ఎడమ ఒకటిన్నర పోగొట్టుకుంటోంది. కొండల మీద రెండూ సమానం. కాబట్టి వేణువు మధ్యలోనే నిలబడుతుంది, మృదంగం మాత్రం కుడికి ఒరుగుతుంది. చెవి సరిగ్గానే ఉంది.

2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తేవడానికి పెద్ద బజారుకి వెళ్లాను. కౌంటరు వెనక కుర్రాడు "భాయినా, స్పీకరుకి ఇంత లావు ఎందుకు, ఏసీ పెడుతున్నారా?" అని నవ్వాడు. ఎడమవైపు 0.15కి దిగింది. పాత వైరు కొనలు తీస్తే లోపల పచ్చగా చిలుము. గోపాల్‌పూర్ సముద్రం మాకు దూరమేం కాదు, ఆ ఉప్పుగాలికి వలిచి వదిలేసిన రాగి ఏడాది తిరక్కుండా పచ్చబడుతుంది. కొత్త కొనలకి బనానా ప్లగ్గులు టంకం పెట్టి బిగించాను.

పై స్థాయిల గురించి రెండు మాటలు, అడిగేవాళ్లు ఉంటారు కనక. ఇలాంటి చిన్న ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్‌లో కాయిలూ కెపాసిటరూ ఉంటాయి. ఇందులో 10 మైక్రోహెన్రీలు, ఒక మైక్రోఫారడ్. రెండూ 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. స్పీకరు ఓమ్‌లు పైన బాగా పెరిగితే 20 కిలోహెర్ట్జ్ దగ్గర మహా అయితే ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువ పలుకుతుంది. ఆ కాయిలు దాటాక ఫీడ్‌బ్యాక్ తీసుకునే డిజైన్లలో ఇది దాదాపు ఉండదు. కొనేముందు చూసుకోతగ్గ సంగతే, కానీ మా మేష్టారికి పన్నెండు కిలోహెర్ట్జ్ పైన ఏమీ వినిపించదు, నాకూ అంతంతమాత్రమే. వదిలేశాం.

గూటికి ఉన్న చెక్క తలుపు మూస్తే ఆంప్లిఫయర్ పెంకు 61 డిగ్రీలకి వెళ్తోంది. తలుపు తీసేయడానికి అమ్మగారు ఒప్పుకోలేదు, దేవుడి పటం ఉంది కదా. కింద నాలుగు రబ్బరు కాళ్లు పెట్టి, తలుపు పైనా కిందా అంగుళం సందు కోయించాం. 49కి దిగింది.

మూడు నెలల తర్వాత అటు వెళ్తే పలకరించి వచ్చాను. ఆగలేదట. మృదంగం మధ్యలోకి వచ్చిందట, ఇప్పుడు ఘటం ఎడమవైపు ఎందుకుందని అడిగారు. అది వాయించేవాడు కచేరీలోనే అటు కూర్చుని ఉంటాడు మేష్టారూ అన్నాను.

పాత ఎస్ఎంపీఎస్ పారేయలేదు. దాంతో దేవుడి గదిలో ఎల్ఈడీ పట్టీ వెలుగుతోంది. అది లాగేది 1.2 ఆంపియర్లు.